హిమాలయమున తొలిమంచు



ఈ పూట మీకు మంచును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన వైపున మంచు అనగా పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలుచునదియు, బండి దారి కానరాకుండ కమ్ముకొనునదియు మాత్రమే. పొద్దెక్కగానే అది పోవును. ఆకసమునుండి దూదివలె రాలి, నిలువెత్తున పేరుకొని, నెలల తరబడి కరగక నిలుచు వస్తువునకును మనము మంచనియే పేరు పెట్టితిమి. నీరు గట్టిపడి రాయియైనచో దానిని మంచుగడ్డ యందుము. ఇట్లు ఒక్క మాటలో మూడు నాలుగు పదార్థములు ఇమిడిపోయినవి. సంస్కృతమున హిమము, తుహినము, తుషారము, నీహారము, ప్రాలేయము అని పర్యాయపదములు పెక్కులున్నను, నిఘంటుకారుడు వానినన్నిటిని ఒక్కచోట చేర్చెనే కాని వేరుపరుపలేదు. 'హిమాని' యను పదము మాత్రము పెద్దమొత్తముగా పేరుకొన్న మంచునకు చెల్లును. నేడు మనకు కావలసినది ఆ హిమానియే.

అట్టి హిమాని కొండవాలునుండి ఒక్కుమ్మడి విడివడి క్రిందికి దుముకుటను హిమసంపాతమందుము. పత్రికలవారు దీనినే మంచుచరియ విరిగిపడుట యనుచున్నారు. కొందరు హిమపాతమనియు వ్రాయుదురు గాని, ఆ మాట మంచు కురియుటకును చెల్లును గనుక సందేహమునకు తావిచ్చును.

గోదావరి కృష్ణల నడుమ కూర్చున్న మనకు ఈ ప్రసంగమేల యని మీలో కొందరికి తోపవచ్చును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫానును మీరు మరచియుండరు. నగరమున చెట్లు కూకటివ్రేళ్లతో కూలినవి. విమానాశ్రయపు కప్పు లేచిపోయినది. తీరము దాటిన పిమ్మట ఆ తుఫాను ఏమైనదని మనలో ఎందరు విచారించిరి? బలము తగ్గి వాయుగుండమై, వాయువ్యముగా సాగి, అందుండి ఉత్తరమునకు మరలి, తన తేమనంతయు మోసికొనిపోయి హిమాలయమునకు కొట్టుకొన్నది. 14వ తేదీనాటికి నేపాళ దేశమున అన్నపూర్ణా, ధవళగిరి శిఖరముల ప్రాంతమున అది మంచై కురిసినది. అక్టోబరుమాసము ఆ దేశమున పాదచారులకు మంచి కాలము. ఆకసము నిర్మలముగా నుండును; దేశదేశములవారు వచ్చి కొండదారులు నడతురు. 5,416 మీటర్ల యెత్తున నున్న థోరంగ్ కనుమను ఆ దినమున దాటుచున్నవారిని ఆ మంచుతుఫాను నడిదారిలో పట్టుకొన్నది. కొందరు దారి తప్పి చలికి బిగుసుకొనిపోయిరి. కొందరు మంచుచరియల క్రింద పడిరి. మొత్తము మీద నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో నేపాళీయులు, భారతీయులు, ఇజ్రాయెలు కెనడా దేశములవారు కలరు. చమరీమృగములను మేపుకొను కాపరులును కలరు. విశాఖలో చెట్లను కూల్చిన తుఫానే రెండు దినములలో అక్కడ మంచై మనుష్యులను కప్పినది. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

అదియును గాక, నేడు మన పల్లెలనుండి హిమాలయమునకు పోవువారి సంఖ్య పెరిగినది. సైన్యమున చేరినవాడు ఒకడు. రహదారుల పనికి పోయినవాడు ఒకడు. నగరమున ఉద్యోగము చేయుచు, సెలవు దొరకగానే వీపున సంచి కట్టుకొని కొండలెక్కు పిల్లవాడు ఇంకొకడు. బదరీ కేదార యాత్రకు పోవు వృద్ధులు సరేసరి. మన ప్రవరాఖ్యుడు కూడ ఇట్లే పోయినవాడు గదా! పెద్దన గారి మనుచరిత్రమున పాదలేపము పూసికొని హిమవంతమునకు పోయిన ఆ బ్రాహ్మణునకు మంచు చేసిన అపకారమెల్ల, కాలి పసరు కరిగి పోవుట మాత్రమే. దానికే ఆయన ఇల్లు చేరు తెరువు కానక విలవిలలాడెను. ఎండ మీదికి వచ్చినకొలది మంచు స్వభావము మారునన్న మాట మాత్రము ఆ కథలో యథార్థమైనది. ఉదయమున గట్టిగా నున్న వాలు మధ్యాహ్నమునకు తడిసి జారుట కొండవారు నిత్యము చూచునదే.

ఇక అసలు విషయమునకు వత్తము. కొండమీది మంచు ఒకే ముద్దగా నుండునని మనము భావింతుము. అది సరికాదు. అక్టోబరున కురిసినది ఒక పొర. నవంబరున కురిసినది దానిమీద మరియొక పొర. నడుమ ఎండకు కరిగి రాత్రికి బిగిసిన పలుచని పెచ్చు ఇంకొకటి. పాతయింటి గోడకు ఏటేట సున్నము వేయగా పొరమీద పొర నిలుచునట్లు, మంచుకూడ పొరలు పొరలుగా నిలుచును. ఏ పొర ఏ దినమున పడినదో, అప్పుడు గాలి ఎట్లుండెనో, చలి ఎంతయుండెనో, గోతిని త్రవ్వి చూచిన తెలిసినవారు చదివి చెప్పగలరు. గోడ పూతలో అడుగుపొర దుమ్ముపట్టి యున్నచో పైపూత ఎంత గట్టిదైనను ఏమగునో మీకు తెలియును. ఒకనాడు పెద్ద పెచ్చుగా ఊడిపడును. పై పూత గట్టిదగుటచేతనే అది పెద్ద పెచ్చుగా ఊడును. మెత్తనిదైనచో పొడిపొడిగా రాలి యూరకుండును. మనుష్యులను చంపు హిమసంపాతములలో అధికభాగము ఈ పెచ్చూడు జాతివే. గట్టి పొర పైన, బలహీనమైన పొర క్రింద, ఆ క్రింద జారుటకు అనువైన నేల, తగినంత వాలు, ఊడుటకొక నెపము: ఇన్నియు కూడిననాడు కొండయొడిలోని మంచు పలకపలకలుగా పగిలి దిగివచ్చును.

ఆ బలహీనపు పొర ఎట్లు పుట్టును? ఇది ముఖ్యము; తొలిమంచు చేయు మోసమంతయు ఇందే యున్నది. మంచు క్రింది నేల వేసవియందలి వేడిమిని కొంత దాచుకొని యుండును. అందుచేత మంచునకు అడుగున వేడిమి సున్న డిగ్రీలకు దరిదాపుగా నిలుచును. పైభాగమో, నిర్మలాకాశము క్రింద రాత్రియంతయు చల్లబడి సున్నకు 15 డిగ్రీలు దిగువకు పోవచ్చును. అన్నము ఉడుకుచున్న కుండలో ఆవిరి పైకి లేచి మూతకు పట్టునట్లు, అడుగునున్న మంచురేణువులు ఆవిరియై పైకి పోయి, చల్లని రేణువులకు పట్టి గడ్డకట్టును. ఈ రాకపోకలు వేగముగా జరిగినచో, ఒండొంటిని పట్టుకొనియుండిన మెత్తని రేణువులు మాయమై, కోణములు దేరిన పెద్ద పలుకులు ఏర్పడును. అవి పంచదార పలుకులవలె నుండును. చేతబట్టి పిడిచినను ఉండ కట్టవు. వ్రేళ్ల సందులనుండి జారిపోవును. వానిమీద ఏ భారమును నిలువదు.

ఎంత వేగమైన ఇట్లగునన్నదానికి శాస్త్రజ్ఞులు ఒక కొలత చెప్పుదురు. మంచు లోతున ప్రతి 10 సెంటీమీటర్లకు వేడిమి భేదము 1 డిగ్రీకి మించినచో పలుకులు కట్టుట మొదలగును. ఇప్పుడు లెక్క చూడుడు. మంచు 30 సెంటీమీటర్లే యున్నది. అడుగున సున్న, పైన సున్నకు 15 డిగ్రీలు తక్కువ. అనగా ప్రతి 10 సెంటీమీటర్లకు 5 డిగ్రీల భేదము. అదే చలి, మంచు మాత్రము 300 సెంటీమీటర్లు ఉన్నచో భేదము అర డిగ్రీయే. అప్పుడు రేణువులు మెల్లమెల్లగా ఒండొంటికి అతుకుకొని బలపడును. కావున దట్టమైన మంచు తన్ను తాను బలపరచుకొనును. పలుచని మంచు చలిలో తనకు తానే కుళ్లును. "ఇంకను కొంచెమే కురిసినది, ఇప్పుడేమి భయము" అని తలచువాడు ఈ లెక్కను ఎరుగనివాడు. నవంబరున మోకాలి లోతు మంచు చూచి నవ్విపోయినవాడే, జనవరిలో దానిమీద రెండు మూడు దినములు ఎడతెగక మంచు కురిసినపుడు ఆ పంచదార పొరమీద నడచుచుండును. తాను దేనిమీద అడుగు పెట్టుచున్నాడో వానికి కనబడదు.

ఇంకొక విధమున కూడ బలహీనపు పొర కలుగును. మన యూళ్లలో మబ్బులేక గాలిలేక యున్న చలిరాత్రులలోనే మంచుబిందువులు మెండుగా పడునని మీరెరుగుదురు. ఆ కొండలమీద అట్టి రాత్రులందే మంచు పైభాగమున వెండిరేకులవంటి పలుకులు మొలుచును. ఎండలో అవి తళతళలాడుచు కన్నులకు పండుగ చేయును. ఆ రేకులు చెదరకుండ వానిమీద మరల మంచు కురిసెనా, నిలువున నిలిచిన పేకముక్కలమీద పలక మోపినట్లే యగును. అందమైన వస్తువు అపాయకరమగుట కావ్యములలోనే కాదు.

సూర్యుని తట్టు చూడని వాలులలో ఈ విపరీతము హెచ్చు. హిమాలయమున ఉత్తరమునకు మొగమైన వాలులపై చలికాలమున ఎండ సరిగా పడదు. అక్టోబరు నవంబరు మాసముల మంచు దక్షిణపు వాలులలో కరిగి నేల బయటపడును; ఉత్తరపు వాలులలో నిలిచి, పైన చెప్పిన చొప్పున పలుకులు కట్టును. ఇందులో ఒక చిక్కున్నది. తొలికాలమున మంచుమీద నడువవలెననియో, జారుడుబద్దలమీద జారవలెననియో వచ్చినవానికి మంచు దొరకునది ఆ నీడపట్టులందే. మంచు ఎక్కడ నున్నదో అక్కడికే పోవును. అపాయము కూడ అక్కడనే యున్నది. పైగా పలుచని మంచు రాళ్లను, మొద్దులను కప్పునే గాని మెత్తపరుపదు. చిన్న జారుడు కూడ మనిషిని రాళ్లమీద ఈడ్చుకొనిపోవును.

ఇక వాలుమాట. ఎంత నిటారైన అంత అపాయమని సామాన్యులు తలతురు. నిజము వేరు. 60 డిగ్రీలకు పైబడిన వాలున మంచు నిలువనే నిలువదు; కురిసినది కురిసినట్లే రాలిపోవును. 25 డిగ్రీలకు తక్కువైనచోట సామాన్యముగా విడివడదు. ఈ రెంటి నడుమ, ముఖ్యముగా 30 మొదలు 45 డిగ్రీల వరకుగల వాలులలోనే పెచ్చులూడుట విశేషము. మన పెంకుటింటి కప్పువాలును, దానికంటె కొంత నిటారైన దానిని మనస్సున ఉంచుకొనుడు. చూచుటకు అది భయంకరముగా నుండదు. ఎక్కుటకు అనువుగానే యుండును. అదియే తంటా. తాను నిలిచిన నేల చదునుగా నున్నదని ధైర్యపడుటయు తప్పే. పైన నిటారు వాలున్నచో, క్రింద అడుగుపెట్టినవాని బరువునకు బలహీనపు పొర క్రుంగి, ఆ పగులు మీదికి ప్రాకి పైభాగము ఊడివచ్చును. మేడ క్రింది స్తంభమును కదలించినవాని నెత్తిన మేడ పడినట్లు.

బరువును గూర్చి ఒక్క మాట. క్రొత్తమంచు దూదివలె తేలికయని మనకు తోచును. ఘనమీటరునకు ఇంచుమించు 100 కిలోగ్రాములని లెక్కవేసినను, 50 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుగల వాలుపై 30 సెంటీమీటర్ల మంచు 45,000 కిలోలగును. 75 కిలోల ధాన్యపు బస్తాలలో చెప్పవలెనన్న ఆరువందల బస్తాలు. ఇది మిక్కిలి చిన్న వాలు, మిక్కిలి తేలిక మంచు. ఆరువందల బస్తాలు గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో కొండదిగి వచ్చుట ఊహించుకొనుడు. పెద్దవానిలో పొడిమంచు మేఘమువలె లేచి, గంటకు 300 కిలోమీటర్ల వరకు పరుగెత్తును.

గాలి కూడ కురిసిన మంచును ఒకచోటనుండి ఒకచోటికి మోసికొనిపోవును. గాలికి ఎదురుగా నున్న వాలునుండి ఊడ్చి, శిఖరము దాటించి, ఆవలి వాలున గట్టిగా దిమ్మిస చేసినట్లు పోగుచేయును. శిఖరపు అంచున చూరువలె ముందుకు వంగిన మంచు కనబడినచో, దానిక్రింది వాలున గాలి మంచు పోసినదని గుర్తింపవలెను. ఆకసమునుండి ఒక్క రేకైనను పడకుండగనే ఒక్క రాత్రిలో అచ్చటి వాలు అపాయకరము కావచ్చును.

2022వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన జరిగినది ఇందుకు నిదర్శనము. ఉత్తరాఖండమున ఉత్తరకాశీలో 1965లో స్థాపింపబడిన నెహ్రూ పర్వతారోహణ విద్యాలయము కలదు. అందు ఉన్నతశిక్షణ పొందుచున్న యువకులును, వారి శిక్షకులును ద్రౌపదీ కా దండా యను కొండయొక్క రెండవ శిఖరమునకు ఎక్కుచుండిరి. ఆ శిఖరము 5,670 మీటర్ల యెత్తుగలది. శిఖరము సమీపించుచుండగా వాలుమీది మంచు పలకగా విడివడి వారిని క్రింది బీటలోనికి త్రోసివేసినది. 29 మంది అసువులు బాసిరి. వారిలో ఆ సంవత్సరమే మే మాసమున ఎవరెస్టు, మకాలు శిఖరములను పదునారు దినముల వ్యవధిలో ఎక్కి కీర్తిగాంచిన శిక్షకురాలును ఒకతె. నేర్పు లేనివారికే ఆపద యను మాటకు ఇచ్చట తావులేదు. వర్షఋతువు వెళ్లుచున్న సమయమున, క్రింద వానలు కురియునపుడు, 5,000 మీటర్లకు పైన కురియునది మంచే. క్రింద ఎండ కాచి దారులు ఎండగానే పైదికూడ కుదుటపడినదని తలంపరాదు. మనకు దసరా పండుగ దినములు. వారికది చలికాలపు తొలిమెట్టు.

హిమాలయమంతటను మంచు ఒక్క తీరున నుండదు. కాశ్మీరమునకు దక్షిణమున నున్న పీర్ పంజాల్ పంక్తిలో మంచు విస్తారముగా, కొంత తడిగా కురియును. అది త్వరలో కూడ బలపడును. లడాఖు, కారకోరము ప్రాంతములలో తక్కువ కురియును, చలి తీవ్రము; పంచదార పలుకుల బెడద అచ్చట ఎక్కువ, దీర్ఘము. చలికాలపు మంచును తెచ్చునవి మన ఋతుపవనములు కావు. మధ్యధరాసముద్ర ప్రాంతమున పుట్టి, పారసీక గాంధార దేశములమీదుగా వచ్చు అలజడులు తెచ్చును. అవి ఎప్పుడు వచ్చుచున్నవో వాతావరణశాఖవారు ముందుగా తెలుపగలరు. మంచు కురియుచున్నపుడును, ఆగిన పిదప ఒకటి రెండు దినములును అపాయము హెచ్చుగా నుండును. అడుగున పలుకుల పొర ఉన్నచో వారములు గడచినను తగ్గదు.

కొండలలో పుట్టిపెరిగినవారు ఈ సంగతిని కొలతలు లేకుండగనే ఎరిగియుండిరి. కేదారేశ్వరుని ఆలయమును ఏ దినమున మూయుదురు? కార్తిక శుద్ధ విదియనాడు. మనము భగినీహస్తభోజనము చేయు దినము. ఆనాడు స్వామి ఉత్సవమూర్తిని పల్లకిలో దిగువనున్న ఊఖీమఠమునకు తెత్తురు. చలికాలపు పూజలు అచ్చటనే. నవంబరు నడిమి ప్రాంతమున బదరీనాథుని తలుపులు మూయుదురు. మానా గ్రామపు స్త్రీలు నేసిన ఉన్నికంబళిని నేతితో తడిపి స్వామికి కప్పి, ఉద్ధవ కుబేర మూర్తులను పాండుకేశ్వరమునకు తెత్తురు. మానా గ్రామస్థులును ఇండ్లకు తాళములు వేసి పశువులతో దిగువకు దిగుదురు. దేవుడే దిగివచ్చునపుడు మానవుడు మీద నేల యుండవలెను? ఇది మూఢాచారమని నవ్వినవారిని నేనెరుగుదును. అది ఆరు నెలల మంచునకు తగిన ఏర్పాటు. రహదారులు వేయుటకు నేడు పనివారు చలికాలమున కూడ అచ్చట నిలువవలసి వచ్చుచున్నది. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మానా సమీపమున రహదారి పనివారి బసపై మంచుచరియ పడినది. 54 మంది అందు చిక్కిరి, 46 మందిని బ్రతికించి వెలికితీసిరి, ఎనమండుగురు మరణించిరి.

సైనికులు కోరి అచ్చట నిలువరు, నిలువక తప్పదు. 2010వ సంవత్సరము ఫిబ్రవరిలో గుల్మార్గు వద్ద శిక్షణలో నున్న 17 మంది సైనికులు మంచుచరియక్రింద పడి మరణించిరి. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై 19,600 అడుగుల యెత్తున మద్రాసు రెజిమెంటువారి స్థావరము మంచులో కూరుకొనిపోయినది. పదిమందిలో ఒకడు మన కర్నూలు జిల్లావాడు. ధార్వాడ జిల్లా వాడొకడు ఆరు దినముల తరువాత ఊపిరితో దొరికెను; దేశమంతయు ప్రార్థించినను 11వ తేదీన కన్నుమూసెను. ఇట్టి ఆపదలను తగ్గించుటకే 1969లో మనాలీలో హిమ, హిమసంపాత పరిశోధన సంస్థను భారతప్రభుత్వమువారు నెలకొల్పిరి. 2020లో అది రక్షణశాఖవారి భూసమాచార పరిశోధన సంస్థలో లీనమైనది. కొండలమీద యంత్రములుంచి మంచు లోతు, గాలి, చలి కొలిచి, చలికాలమున ఏ జిల్లాలో ఏ యెత్తున ఎంత అపాయమున్నదో వీరు ప్రకటించుచుందురు. కాశ్మీరమునకు పోవు బనిహాల్ దారివద్ద మంచును పైననే ఆపుటకు ఇనుప కంచెలు, దారికి కప్పువలె కట్టడములు కట్టిరి. దేవదారు వనము నడుమ పైనుండి క్రిందికి చెట్లులేని పట్టీ కనబడినచో అది మంచుచరియ నడచు రాచబాట. అచ్చట గుడారము వేయరాదు. ఈ గుర్తునకు యంత్రము అక్కరలేదు.

మంచు తాను విరుగబోవుచు ముందుగా చెప్పు గుర్తులును కొన్ని కలవు. ప్రక్కవాలున క్రొత్తగా చరియ విరిగియున్నచో అదే జాతి వాలులన్నియు అనుమానింపదగినవి. అడుగు వేయగానే క్రింద 'ధుమ్' మని డొల్లచప్పుడై నేల క్రుంగినట్లు తోచినచో, అది అడుగుపొర కూలిన చప్పుడు. పాదమునుండి చీలికలు ముందుకు ప్రాకినచో పైపొర పలకగా నున్నదని అర్థము. ఇవి కనబడిన పిమ్మట ముందుకు పోవువానికి శాస్త్రమును చెప్పి ప్రయోజనములేదు. వినోదమునకై కొండలెక్కి మంచున పడి మరణించినవారిలో పదింట తొమ్మిదింట ఆ చరియను కదలించినది వారో, వారి జట్టువారో అని ఐరోపా, అమెరికా ఖండములలో లెక్కించినవారు చెప్పుచున్నారు. ఈ మాట కఠినముగా తోచినను ఇందులో ఆశయు కలదు. తాను కదలింపకున్న చాలును గదా.

పూడిపోయినవాని మాట చెప్పి ముగింతును. కదలుచున్నపుడు నీటివలె నున్న మంచు, ఆగినంతనే సున్నపు గచ్చువలె బిగియును. చేయి కదల్చుట కూడ సాధ్యము కాదు. విడిచిన ఊపిరి ముఖము ముందు మంచుపెచ్చుగా కట్టి క్రొత్తగాలిని అడ్డును. పావుగంటలో త్రవ్వితీసినచో పదిమందిలో ఇంచుమించు తొమ్మండుగురు బ్రతుకుదురు. అరగంట దాటినచో మూడింట ఒకవంతే. క్రిందినుండి సహాయము రావలెనన్న గంటలు పట్టును. కావున ప్రక్కనున్న స్నేహితుడే దిక్కు. అందులకై ప్రతివాడు మూడు వస్తువులు ఒంటిమీద నుంచుకొనవలెను. ఒకటి, పూడినవాని జాడ తెలుపుచు, జాడ వెదకుటకును పనికివచ్చు చిన్న రేడియో యంత్రము, రెండు, మంచులో గ్రుచ్చి చూచు మడతల కడ్డీ, మూడు, పార. మూడును అందరి వద్దను ఉండవలెను. సంచికి ఒకటి చొప్పున పంచుకొని, యంత్రము ఒకనివద్ద, పార ఒకనివద్ద ఉంచుకొన్న జట్టులో, పారగలవాడు పూడిపోయినచో మిగిలినవారు చేతులతో గోకవలసినదే.

మీ మనుమడు అక్టోబరు తరువాత కొండలకు పోవుచున్నానని చెప్పినచో వలదని వారింపనక్కరలేదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదమూడేండ్ల ప్రాయమున, 2014లో, ఎవరెస్టు శిఖరమునెక్కి వచ్చినది. వానిని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఆ దినపు హిమసంపాత ప్రకటనను చూచు బాధ్యత జట్టులో ఎవరిది? ఆ మూడు వస్తువులు ఎందరివద్ద నున్నవి, వానిని వాడుట ఎన్నడైన అభ్యసించితివా? మీతో వచ్చు కొండవాడు వెనుకకు మరలుదమన్నచో మరలుదురా? తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఏనాటికి కొనితివి? మంచు కురిసి వెలసిన తరువాత రెండు దినములు ఊరక కూర్చుండుటకు వ్యవధి లేకుండ టిక్కెట్టు కొన్నవాడు, బండి తప్పిపోవునను తొందరలో మరునాడే కనుమ దాటబోవును. కావున టిక్కెట్టు కొనునాడే ఆ రెండు దినములను కలిపి కొనుమని చెప్పుడు. ఖర్చు రెండు పూటల బస, భోజనము.